పెరటి పాదు

పెరటిలో కూరగాయలు పండించుట సులభమని పలువురు తలంతురు. ఆనపపాదు పందిరి నెక్కి, సాయంకాలమున తెల్లని పూవులు విరియగనే ఇంటివారి ఆనందమునకు మేర యుండదు. మరునాటికే ఆ పూవులు వాడి రాలిపోవును. మొదట పూయునవి మగపూవులనియు, పిందెతో కూడిన ఆడపూవులు పిదప వచ్చుననియు ఎరుగనివారు నిరాశ చెంది పాదును పెరికివేయుదురు. ఓపిక గలవారికి పిందె కనబడును. పండు ఈగ దానిలో గ్రుడ్లు పెట్టినచో అదియు క్రుళ్ళిపోవును.

అంగడిలో కాయను బేరమాడువారికి ఈ కష్టము తెలియదు. ఒక్క పాదును పెంచి, పిందెలు పోగొట్టుకొన్నవారికే రైతు శ్రమ విలువ బోధపడును. కావున బాలబాలికలు పెరటిలో ఒక్క పాదునైనను స్వయముగా పెంచవలయును. కాచినచో కూరకు కాయ దొరకును; కాయకున్నను రైతుపై గౌరవము మిగులును.