కుండ కరగకుండా...

నలభై ఏళ్లపాటు కంటికి రెప్పలా కాపాడుకున్న యంత్రమది. లోపలి గోడకు చిన్న గీత పడినా కంగారుపడిన శాస్త్రవేత్తలే 2023 డిసెంబరు 18న కావాలని ఆ గోడ మీదికి ఎలక్ట్రాన్ల ధారను ఎక్కుపెట్టారు. ఇంగ్లండ్‌లోని కల్హమ్‌లో 1983 నుంచి పనిచేసిన 'జెట్' అనే ఫ్యూజన్ యంత్రానికి అదే ఆఖరి రోజు, 1,05,842వ ప్రయోగం. ఎలాగూ మూసేస్తున్నారు కదా... మూసేముందు గోడకు ఎంత గాయమవుతుందో, ఎలా అవుతుందో కళ్లారా చూసేస్తే పోలా!

వినడానికి విడ్డూరంగా ఉన్నా అందులో అవసరం ఉంది. హైడ్రోజన్ పరమాణు కేంద్రకాలను కలిపి శక్తిని పుట్టించడమే ఫ్యూజన్. సూర్యుడి గర్భంలో కోటిన్నర డిగ్రీల దగ్గర జరిగే పని. సూర్యుడికున్నంత బరువూ ఒత్తిడీ భూమ్మీద ఉండవు కాబట్టి ఇక్కడ దానికి పదింతలు, అంటే 15 కోట్ల డిగ్రీలు కావాలి. ఆ వేడిలో వాయువు ప్లాస్మాగా మారుతుంది. దాన్ని ఏ పాత్రలోనూ పోయలేం. అందుకే గారె ఆకారంలో ఉండే 'టోకమాక్' గదిలో, గోడలకు తగలకుండా అయస్కాంతాలతో గాల్లో నిలబెడతారు. ఈ ఉపాయం రష్యన్లది.

15 కోట్ల డిగ్రీలంటే గుండె జల్లుమంటుంది గానీ, అసలు భయం ఆ అంకె కాదు. ఫ్రాన్సులోని కదరాష్‌లో భారత్ సహా ఎన్నో దేశాలు కలిసి కడుతున్న 'ఈటర్' యంత్రంలో ప్లాస్మా పరిమాణం 800 ఘనపు మీటర్లు దాటుతుంది. అందులో ఉండే ఇంధనం బరువు మాత్రం ఒక్క గ్రాముకు అటూఇటూ! అంత పల్చనిది గోడను తాకితే తనే చల్లారిపోతుంది. చిక్కంతా ఆగకుండా బయటికొచ్చే వేడితోనే. ప్లాస్మా అంచు నుంచి జారిన వేడి కణాలు అయస్కాంత రేఖల వెంట ప్రయాణించి గది అడుగున ఒకేచోట పడతాయి. ఆ ధార మందం కొద్ది మిల్లీమీటర్లే. ఎర్రటి ఎండను భూతద్దంతో కాగితం మీద ఒక చుక్కలోకి కుదించినట్టన్నమాట!

ఆ వేడిని కాచుకునే భాగం పేరు 'డైవర్టర్'. ఈటర్‌లో దానిమీద చదరపు మీటరుకు కోటి వాట్ల వేడి నిలకడగా పడుతుంది. కొన్ని క్షణాలపాటు రెండు కోట్లూ దాటవచ్చు. సూర్యుడి ఉపరితలం నుంచి అదే వైశాల్యంలో వెలువడేది ఆరు కోట్ల పైచిలుకు అని గుర్తుంచుకుంటే ఈ వేడి తీవ్రత అర్థమవుతుంది.

దీన్ని తట్టుకునే లోహం టంగ్‌స్టన్. పాతకాలం బల్బుల్లో వెలిగే తీగ అదే. 3,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు. చిన్నచిన్న టంగ్‌స్టన్ దిమ్మలకు నడుమ బెజ్జం చేసి, రాగి మిశ్రమపు గొట్టానికి పూసల్లా గుచ్చుతారు. గొట్టంలో నీళ్లు వేగంగా పారుతుంటాయి. దిమ్మలన్నీ ఒకే మట్టంలో ఉండాలి. ఏ ఒక్క దిమ్మ అంచు పైకి లేచినా వేడంతా దానికే తగులుతుంది. 2013లో జెట్‌లో కావాలనే ఒక పలక అంచును అలా బయటపెట్టి కరిగించి చూశారు కూడా!

మొదట్లో గోడలకు గ్రాఫైట్ వాడేవారు. అది కరగదు. అయితే ఇంధనంలో ఒక భాగమైన ట్రిటియాన్ని పీల్చుకుని తనలో దాచేసుకుంటుంది. ట్రిటియమేమో రేడియోధార్మికం, పైగా అరుదైనది. టంగ్‌స్టన్‌కు ఆ జబ్బు తక్కువే గానీ మరో పేచీ ఉంది. దాని పరమాణువులు ఏ కొద్దిగా ప్లాస్మాలోకి జారినా వేడిని వెలుగు రూపంలో బయటికి పంపేసి పొయ్యి ఆర్పేస్తాయి. అయినా సరే, గోడకు బెరీలియం పెట్టాలన్న పాత ఆలోచన మానుకుని ఈటర్ టంగ్‌స్టన్ వైపే మొగ్గింది. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఆ పక్కనే ఉన్న 'వెస్ట్' అనే ఫ్రెంచి టోకమాక్ 2025 ఫిబ్రవరిలో టంగ్‌స్టన్ గోడల మధ్య ప్లాస్మాను 1,337 సెకన్లు నిలబెట్టింది.

వేడి సంగతి అలా ఉంచితే, అంతకన్నా మొండిది విద్యుదయస్కాంత బలం. ఈటర్ ప్లాస్మాలో కోటిన్నర ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. ఒక్కోసారి ప్లాస్మా అదుపు తప్పి కుప్పకూలుతుంది. రెప్పపాటులో ఆ కరెంటంతా మాయం! మాయమవుతూ చుట్టూ ఉన్న లోహంలో కరెంట్లు పుట్టిస్తుంది. అయస్కాంత క్షేత్రంలో కరెంటు పారే తీగను బలం నెట్టేస్తుందని బళ్లో చదువుకున్నదే. ఇక్కడ ఆ తీగ స్థానంలో ఉన్నది యంత్రం గోడ. జెట్‌లో ఇలాంటి దెబ్బకు వంద టన్నులు మించిన గది మొత్తం కొన్ని మిల్లీమీటర్లు పక్కకు కదిలింది. ఈటర్‌లో ఆ బలం వేల టన్నుల్లో ఉంటుందని లెక్క.

కరెంటు పడిపోయే క్షణంలో కొన్ని ఎలక్ట్రాన్లు దాదాపు కాంతివేగం అందుకుని దూసుకుపోతాయి. అవి తగిలిన చోట గోడ కరిగిపోతుంది. జెట్ ఆఖరి రోజున గోడకేసి కొట్టించింది వీటినే.

ప్లాస్మా కూలకపోయినా అయస్కాంతాలకు విశ్రాంతి లేదు. ఈటర్‌లో నిలువెత్తున నిలిచే 18 చుట్టల్లో ఒక్కోదాన్ని మధ్యలోకి లాగే బలం సుమారు 40 వేల టన్నులు. పైగా అవి సూపర్ కండక్టర్లు, మైనస్ 269 డిగ్రీల దగ్గరే పనిచేస్తాయి. 15 కోట్ల డిగ్రీలకూ ఆ చలికీ మధ్య దూరం కొద్ది మీటర్లే. వీటన్నిటినీ లోపల పెట్టుకునే పెద్ద ఫ్లాస్కు లాంటి 'క్రయోస్టాట్' మన దేశం వాటా. ఎల్ అండ్ టీ సంస్థ గుజరాత్‌లోని హజీరాలో తయారుచేసిన దాని అడుగు భాగాన్ని 2020 మేలో అక్కడ దించారు.

అంత జాగ్రత్తలోనూ పొరపాట్లు తప్పలేదు. వేడికీ చలికీ మధ్య అడ్డుగా నిలిచే వెండి పూత పలకల గొట్టాల్లో సన్నటి పగుళ్లు ఉన్నట్టు 2022లో బయటపడింది. వెల్డింగ్ దగ్గర మిగిలిపోయిన క్లోరిన్ చేసిన పని అది. కిలోమీటర్ల కొద్దీ గొట్టాలు మార్చాల్సి వచ్చింది. ఇలాంటివన్నీ కలిసి ఈటర్ పరిశోధనల ప్రారంభాన్ని 2034కూ, అసలు ఇంధనంతో ప్రయోగాల్ని 2039కీ నెట్టాయి.

ప్లాస్మా కూలడాన్ని పూర్తిగా ఆపడం సాధ్యమా అంటే, ఎవరూ హామీ ఇవ్వడం లేదు. అందుకే కూలేటప్పుడు దెబ్బ తగ్గించే దారి వెతుకుతున్నారు. గడ్డకట్టించిన హైడ్రోజన్, నియాన్ గుళికలను తుపాకీ తూటాల్లా పేల్చి, దారిలోనే ముక్కలు చేసి ప్లాస్మాలోకి చల్లుతారు. వేడి ఒకేచోట పడకుండా అన్ని గోడలకూ వెలుగులా పంచుకుపోతుంది. శాన్‌డియాగోలోని డీ3-డీ యంత్రంలోనూ, జెట్‌లోనూ దీన్ని పరీక్షించారు. ఈటర్‌లో ప్రమాదాన్ని పసిగట్టి ఆ గుళిక పేల్చడానికి ఉండే వ్యవధి... సెకనులో వందోవంతుల్లోనే!