దసరా సెలవులు ఇంటివి, ఇంటికి వదిలేయండి

మైలవరం, రెడ్డిగూడెం, జి.కొండూరు మండలాల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, విద్యాశాఖ అధికారులకు

2025 దసరాకు బడి సెలవులు మొదట సెప్టెంబరు 24 నుంచి అన్నారు. ఉపాధ్యాయులు అడిగితే రాష్ట్ర ప్రభుత్వం రెండు రోజులు ముందుకు జరిపి 22 నుంచే ఇచ్చింది. అక్టోబరు 2 దాకా సెలవులు. ఇలాంటి ఉత్తర్వు ఏటా వస్తుంది. దాని వెనకే సెలవుల్లో తరగతులు నడిపితే చర్య తప్పదన్న హెచ్చరికా ఏటా వస్తుంది. ఏటేటా అదే హెచ్చరిక ఎందుకు చేయాల్సి వస్తోందో ఈ మూడు మండలాల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

స్పెషల్ క్లాసు, రివిజన్, ఫౌండేషన్, డౌట్ క్లియరింగ్. పేరు ఏదైనా తెల్లారి ఆరింటికి బస్సు వచ్చి నిలబడుతుంది. పంపకపోతే మీ వాడు వెనకబడతాడని ఫోనులో మెసేజ్ వస్తుంది. పంపిన ఇంట్లో పండగ ఉండదు, పంపని ఇంట్లో మనశ్శాంతి ఉండదు.

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. దసరా సెలవుల్ని ఎవరూ, ఏ పేరుతోనూ, ఏ తరగతికీ తాకరాదు. ఆ రోజులు ఇంటి బడివి. వానలకు, వరదలకు బడి మూతపడితే దానికి బదులు వసూలు చేసుకోవడానికి కూడా అవి ఎవరి సొత్తూ కావు.

ఇంటి బడి అంటే ఇంట్లో కూర్చోబెట్టి మళ్లీ అదే పుస్తకం వల్లె వేయించడం అనుకోవద్దు. మామిడి నేలలో శరత్కాలానికి దాని పాఠాలు దానికున్నాయి. కాయ దిగిపోయాక ఎండుకొమ్మలు కోసి, ఎరువు వేసి, దున్నిన తోటలో ఈ వేళకు కొత్త చిగురు ముదురుతూ ఉంటుంది. అక్టోబరు నుంచి చెట్టుకు నీళ్లు ఆపాలి. ఆపితేనే రెమ్మ గట్టిపడి డిసెంబరు, జనవరిల్లో పూతకు వస్తుంది. ఆలస్యంగా వానలు పట్టుకుంటే పూత రావలసిన కొమ్మ మళ్లీ చిగురేస్తుంది, ఆ ఏడు కాపు దెబ్బతింటుంది. పూత వచ్చాక తేనెమంచు పురుగు ఎలా దిగుతుందో, దానికి ఎప్పుడు మందు కొట్టాలో ఇంట్లో తాతకు తెలుసు. నూజివీడు రసాల పేరు దేశమంతా చెప్పుకుంటారు. ఆ నేల మీద పుట్టిన పిల్లవాడు ఇంటర్ పూర్తి చేసి కూడా దసరా వెళ్లాక తోటకు నీళ్లెందుకు ఆపుతారో చెప్పలేకపోతున్నాడు. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. తాత తోటకు బయల్దేరే వేళకు వాడు బస్సులో ఉంటున్నాడు.

వంటింటి సంగతి ఇంకా పెద్దది. వేసవిలో పెట్టిన జాడీల విలువ తెలిసేది ఈ నెలల్లోనే. ఆవకాయ, మాగాయ, ఎండబెట్టి దాచిన మామిడి ఒరుగులు, డబ్బాల్లో వడియాలు. వాన ముసురుకుని కూరగాయల బండి రాని రోజున ఒరుగులు నానేసి పప్పులో పడేస్తే పూట గడిచిపోతుంది. ఆ జాడీ దగ్గరే సైన్సు పాఠమూ ఉంది. ఉప్పు మామిడి ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. నీరు అందని చోట బూజు బతకలేదు. పైకి తేలిన నూనె గాలిని ఆపుతుంది. తడి గరిటె పెట్టొద్దని అమ్మమ్మ ఎందుకు కసురుతుందో హైస్కూలు పుస్తకంలోని సూక్ష్మజీవుల పాఠం చదివిన పిల్లకు అర్థం కావాలి. జాడీ మూత తీసి చూపించే తీరిక ఎవరికైనా ఉంటేనే కదా అర్థమయ్యేది!

ఇక్కడ చాలామంది తల్లులు ఒక మాట అంటారు. పత్తి తీతలు మొదలయ్యే కాలం, పొద్దున్నే కూలి ఆటో ఎక్కాలి, పిల్లల దగ్గర కూర్చునే వేళెక్కడిది అని. న్యాయమైన మాట. దీనికి జవాబు మన వంటలోనే ఉంది. ముందే చేసి పెట్టుకోవడం తెలుగింటికి కొత్త కాదు. చింతపండు రసంలో పసుపు, ఉప్పు, పచ్చిమిరపకాయలు, కాస్త బెల్లం వేసి నూనె తేలేదాకా ఉడికించి పులిహోర గుజ్జు సీసాకెత్తితే రోజుల తరబడి నిలుస్తుంది. వేడన్నంలో కలుపుకుంటే పావుగంటలో క్యారేజీ సిద్ధం. కందిపొడి, కరివేపాకు కారం, నల్లకారం కొట్టి ఉంచుకోవచ్చు. దోసెల పిండి రెండు రోజులకు సరిపడా రుబ్బుకోవచ్చు. సెలవుల మొదటి రోజున ఇంటిల్లిపాదీ, అంటే నాన్నా కొడుకులతో సహా, కూర్చుని ఈ పని చేస్తే ఆ తర్వాత రోజూ పొయ్యి దగ్గర గడిచే వేళలో గంట మిగులుతుంది. ఆ గంట పిల్లలది. కందిపొడికి రెండు కప్పుల కందిపప్పుకు ఒక కప్పు శనగపప్పు అనుకుంటే మూడున్నర కప్పులకు ఎంత పోయాలి? అయిదో తరగతి పిల్ల కప్పు చేత్తో పట్టుకుని చేసిన ఆ లెక్కను ఏ వర్క్‌బుక్కూ అంత గట్టిగా నేర్పలేదు.

చరిత్ర కూడా ఇంటి పక్షానే ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీ అంతటా చదువుల లెక్క తీయించాడు. ఈ కృష్ణా తీరమూ అందులో భాగమే. 1826లో తేలిన లెక్క 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. ఇంటి దగ్గర చదువుకునేవారి లెక్క ఒక్క మద్రాసు పట్టణం నుంచే వచ్చింది. వాళ్లు 26 వేలకు పైనే, అక్కడి బడుల్లో ఉన్నవారికి అయిదు రెట్లు. ఆ లెక్కలో ఏదో పొరపాటు ఉండొచ్చని మన్రోయే అనుమానించాడు. సగం కొట్టేసినా ఇల్లే పెద్ద బడి.

ఆనాటి వీధిబడి అయ్యవారు దసరాకు ఏం చేసేవాడు? పిల్లల చేతికి గిలకల బాణాలిచ్చి, పద్యాలు చెప్పిస్తూ ఇంటింటికీ తీసుకొచ్చేవాడు. అయ్యవారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు. చదువు ఎంతవరకు వచ్చిందో తల్లిదండ్రుల ముందు, ఇరుగుపొరుగు ముందు తేలేది. దసరాకు బడే ఇంటి గడప తొక్కేది. ఇవాళ బడి ఇంటిని ఖాళీ చేయిస్తోంది.

ఇంటి చదువు ఎంతదాకా తీసుకెళ్తుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. భండారు అచ్చమాంబ 1874లో ఇదే జిల్లాలోని పెనుగంచిప్రోలులో పుట్టింది. చిన్ననాడే పెళ్లయింది, బడి మెట్లెక్కలేదు. తన దగ్గర ఉండి చదువుకుంటున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చింది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, తెలుగులో తొలి కథకుల్లో ఒకరిగా నిలిచింది. ఇక కొండపల్లి బొమ్మ సంగతి. తెల్ల పొణికి కర్రను చెక్కడం, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేసి కాళ్లూ చేతులూ అతకడం తరాలుగా ఇళ్లలో పిల్లలు చూసి నేర్చినవే. ప్రపంచమంతా మెచ్చుకునే ఆ విద్యకు ఇంటి అరుగే బడి.

ఇంతవరకు బతిమాలినట్టు చెప్పాం. ఇక చట్టం ఏమంటోందో చూడండి.

విద్యాహక్కు చట్టం, 2009 ఏడాదికి ఎన్ని పనిదినాలు అడుగుతోంది? ఒకటి నుంచి అయిదో తరగతి వరకు 200. ఆరు నుంచి ఎనిమిది వరకు 220. జూన్ 12న బడి తెరిచి ఏప్రిల్ నాలుగో వారం దాకా నడిపే రాష్ట్రంలో దసరాను ముట్టుకోకుండానే ఆ లెక్క నిండుతుంది. మరి ఈ తరగతులు ఏ చట్టం కోసం? అదే చట్టంలోని 17వ సెక్షను పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 29వ సెక్షను చదువు భయాందోళనలు లేకుండా సాగాలంది. 2020 నాటి బడి సంచి విధానం రెండో తరగతి దాకా ఇంటిపని వద్దంది. మూడు నుంచి అయిదు వరకు వారానికి రెండు గంటలు మించవద్దంది. కానీ సెలవులకు ముందురోజు చేతిలో పెట్టే హాలిడే హోంవర్క్ కట్ట ఎంత లావుంటుందో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ కట్ట నింపేది పిల్లలు కూడా కాదు, అర్ధరాత్రి దాకా మేలుకున్న తల్లి.

ఈ దోపిడీ చదువు కోసం జరగడం లేదు. పేపరులో పడే ర్యాంకుల ప్రకటన కోసం, వచ్చే ఏడు అడ్మిషన్ల కోసం జరుగుతోంది. పక్క బడి నడిపిందని ఈ బడి, ఈ బడి నడిపిందని పక్క బడి. ఇంద్రకీలాద్రి మీద మూలా నక్షత్రం నాడు అమ్మవారు సరస్వతిగా దర్శనమిస్తే వేలమంది పిల్లలు పెన్నులు, పుస్తకాలు పట్టుకుని క్యూలో నిలబడతారు. కొండ పక్క ఊళ్లలోనే అదే రోజు యూనిట్ టెస్టు పెట్టేవాళ్లకు ఆ తల్లి పేరెత్తే అర్హత లేదు. పదో తరగతికి మినహాయింపు అడిగేవాళ్లకూ ఇదే సమాధానం. పరీక్ష మార్చిలో. దసరా తర్వాత అయిదు నెలలున్నాయి. అయిదు నెలల్లో చెప్పలేని పాఠం పది రోజుల్లో ఎక్కడ చెబుతారు?

వానల మాటకొద్దాం. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1న కురిసిన వానకు బుడమేరు ఏం చేసిందో మళ్లీ రాయాల్సిన పని లేదు. మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టిన వాగు అది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు దాటి, మళ్లింపు కాలువకు గండ్లు కొట్టి, విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచేసింది. సైన్యం వచ్చి చేయి వేశాక సెప్టెంబరు 7న మూడో గండి పూడింది. అన్ని రోజులు బడులు లేవు. అలా పోయిన రోజులకు బదులు రెండో శనివారాలు, ఆదివారాలు పని చేయించడం మన రాష్ట్రంలో మామూలైపోయింది. అవీ చాలవని పండగ సెలవుల మీద కన్ను పడుతుంది. ఇల్లు నీళ్లలో నాని, పుస్తకాలు తడిసి, పది రోజులు బిక్కుబిక్కుమన్న పిల్లవాడి దగ్గర మళ్లీ బాకీ వసూలా? వాన రోజుల్లో ఇంటి దగ్గర చేసిన చదువును పనిదినంగా లెక్కించడానికి అడ్డేముంది? 2020లో బడులు మూసిన నెలల్లో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు. మధ్యాహ్న భోజనానికి బదులు బియ్యం, గుడ్లు, చిక్కీ ఇళ్లకే పంపారు. అప్పుడు చేతనైంది ఇప్పుడూ చేతనవుతుంది.

పిల్లలు సెలవుల్లో ఫోన్లు పట్టుకుని కూర్చుంటారని కొందరి వాదన. చేతికి పని దొరకని పిల్లలే ఫోను పట్టుకుంటారు. తల్లిదండ్రులే క్లాసులు అడుగుతున్నారని యాజమాన్యాలు అంటాయి. భయపెట్టి అడిగించుకున్నదాన్ని కోరిక అనరు. ఇంటి బడి పేరుతో ఆడపిల్ల నడుం విరిచే చాకిరీ చేయిస్తారన్న అనుమానం ఒక్కటే పట్టించుకోదగినది. అందుకే ఈ కరపత్రం పొయ్యి దగ్గరికి మగపిల్లాడినీ పిలిచింది. తన వంతుకు అంట్లూ వాడివే. ఆడపిల్ల చేత పుస్తకం మూయించి చీపురు పట్టించే ఇల్లు ఇంటి బడి కాదు.

బడి మానేయమని కూడా ఎవరూ అనుకోవద్దు. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యతని చట్టం చెప్పింది, అది మంచిదే. అమెరికాలో 1993 నాటికే అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. ఆ దారి మనకు ఇప్పుడు అక్కర్లేదు. కానీ అక్కడి తెలుగువాళ్లు 2007 నుంచి 'మనబడి' పెట్టుకుని, వారాంతాలు ఖర్చుపెట్టి పిల్లలకు ఇంటి భాష నేర్పుకుంటున్నారు. స్కాట్లండులో అక్టోబరు సెలవుల్ని ఇప్పటికీ బంగాళదుంప సెలవులనే పిలుస్తారు. దుంపలు తవ్వే కాలంలో పిల్లలు పొలంలో ఉండాలని ఏర్పడ్డవి అవి. మామిడి, పత్తి పండించే మైలవరానికి తన సెలవుల మీద ఆపాటి హక్కు ఉండకూడదా?

చేయవలసిన పని ఇది. ప్రభుత్వ బడుల్లో యాజమాన్య కమిటీలున్నాయి, వాటిలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం. వచ్చే మెగా పేరెంట్ టీచర్ సమావేశంలో, అంతకంటే ముందే కుదిరితే కమిటీ సమావేశంలో, దసరాకు ఏ తరగతికీ క్లాసు వద్దని, వాన సెలవులకు ఇంటి చదువును లెక్కించాలని తీర్మానం రాయించండి. ప్రైవేటు బడుల తల్లిదండ్రులకు కమిటీ లేదు కాబట్టి సంతకాలే దిక్కు. వెల్వడం నుంచి ఒక్కరే వెళ్లి అడిగితే బెదిరిస్తారు. ఒక బస్సులో ఎక్కే పిల్లల తల్లిదండ్రులంతా ఒక కాగితం మీద సంతకం పెడితే ఆ బస్సు రాదు. ఆ కాగితం ప్రతి ఒకటి మీ మండల విద్యాశాఖాధికారికి, ఒకటి విజయవాడలో జిల్లా విద్యాశాఖాధికారికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సెలవుల్లో బడి గేటు తెరిచి ఉంటే తేదీ, వేళ కనిపించేలా ఫొటో తీసి అదే కార్యాలయానికి పంపండి. వినాయక చవితి వెళ్లేలోగా ఈ సంతకాలు పూర్తి కావాలి. దసరా దగ్గర పడ్డాక ఇచ్చిన కాగితానికి సెలవులు అయిపోయాక జవాబు వస్తుంది.