కాజా ఎవరి మాట?

పోయిన నెల నా స్కూలు చొక్కా కాజా ఒకటి సాగిపోయింది. బొత్తాము పెట్టినా నిలవడం లేదు. ఖరగ్‌పూర్‌లో మా పక్క క్వార్టర్‌లో ఉండే బెంగాలీ ఆంటీ చూసి, "బోతామేర్ ఘొర్ పెద్దదైపోయిందే!" అన్నారు. ఘొర్ అంటే ఇల్లు. బొత్తానికి ఇల్లట! నాకు భలే నవ్వొచ్చింది.

నాన్నగారికి చెబితే, మన కాజాకీ అదే అర్థమన్నారు. పోర్చుగీసులో 'కాజ' అంటే ఇల్లు. బొత్తాము దూరే చోటుని కూడా వాళ్ళు ఆ మాటతోనే పిలుస్తారు. హిందీలో 'కాజ్', తెలుగులో 'కాజా' దానినుంచి వచ్చినవే. బొత్తామూ వాళ్ళ మాటే. వాస్కో డ గామా 1498లో కాలికట్ దగ్గర దిగాడు, 1510లో గోవా పోర్చుగీసుల చేతికి వెళ్ళింది. ఆ రాకపోకల్లోనే అల్మరా, తువ్వాలు, మేస్త్రీ లాంటి మాటలు మన దేశపు భాషల్లో చేరాయి. (తినే కాజా మాత్రం వేరు. దానికి మూలం సంస్కృతంలోని 'ఖాద్యం' అంటారు.)

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, కిందటి వేసవిలో కాకినాడలో మా పెదనాన్నగారు నన్ను అందరి ముందూ మందలించారు. "కాజా తెలుగు మాట కాదు, బొత్తాము రంధ్రం అనాలి. ఊరూరా తిరిగే పిల్లలకి తెలుగెలా వస్తుంది?" అన్నారు. అప్పుడు తల దించుకున్నాను. ఇప్పుడు తెలిసిందేమిటంటే, బొత్తాము పోర్చుగీసు, రంధ్రం సంస్కృతం. ఆయన చెప్పిన అచ్చ తెలుగులో తెలుగు మాట ఒక్కటీ లేదు!

పైగా రంధ్రం వేరు, కాజా వేరు. గుడ్డను కత్తిరిస్తే వచ్చేది రంధ్రం. రెండు ఉతుకులకే దాని అంచు పీచులు లేచిపోతుంది. చుట్టూ దారంతో దగ్గర దగ్గరగా కుట్లు వేస్తేనే కాజా అవుతుంది. దర్జీ షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి ముందు అప్పజెప్పేది ఈ కాజాల పనే. వాళ్ళ నోళ్ళలో నలిగి నిలబడిన మాటని తీసేసి, పని తెలియని మాట పెట్టడం నాకు ఇష్టం లేదు.

నేను ఇప్పటికి మూడు ఊళ్ళలో చదివాను. ప్రతిచోటా "మీదే ఊరు?" అని అడుగుతారు. ఎన్నేళ్ళు ఉన్నా బయటివాళ్ళమే అన్నట్టు మాట్లాడితే కష్టంగా ఉంటుంది. కొన్ని వందల ఏళ్ళుగా మన చొక్కాల మీదే ఉన్న మాటని కూడా అలాగే అడుగుతామా?

ఈసారి సెలవుల్లో ఇదంతా పెదనాన్నగారికి చెప్పాలి. ఆయన మా కోసం తెప్పించే కాజాలు ముందు తినేసి, ఆ తరువాత.