గట్టున మనిషి లేని నీళ్లకు పోవద్దు

బడులకు సెలవులిచ్చేశారు. నగరిలో మగ్గాల సందుల్లోనూ టీ అంగళ్ల ముందరా పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు బండ్లు ఆపుకుని మాట్లాడుకునేది ఒకటే. ఆదివారం ఏ కోనకు పోదాం, ఏ చెరువులో గాలం వేద్దాం, రాత్రికి అక్కడే గుడారం వేసుకుని చేపలు కాల్చుకుందామా అని. ఎండ నలభై దాటిన ఊళ్లో మనసు నీళ్ల మీదికి పోతుంది. ఎవరినీ తప్పుపట్టలేం. వాళ్లు పోయే చోటును ఎంచుకునే తీరు చూస్తేనే భయం. ఫోనులో అరనిమిషం వీడియో చూస్తారు. మడుగు పచ్చగా ఉంది, జనం లేరు, అడిగేవాళ్లు లేరు, ఇంకేం, బయల్దేరుతారు. ఆ జనం లేకపోవడమే అక్కడి మొదటి ప్రమాదం. తల్లిదండ్రులారా, తమ్ముళ్లారా, ఈ వేసవికి ఈ ఒక్క మాట వినండి: గట్టున మనిషి లేని నీళ్ల దగ్గరికి పోవద్దు.

మన చుట్టుపక్కల చోట్లకు కొదవలేదు. నారాయణవనం దాటితే కైలాసకోన, వడమాలపేట పక్కన సదాశివకోన, నాగలాపురం కొండల్లో వరుసగా మడుగులు, వరదయ్యపాళెం వైపు ఉబ్బలమడుగు. గాలం వేసేవాళ్లకు పిచ్చాటూరులో అరణియార్, కార్వేటినగరం వైపు కృష్ణాపురం జలాశయం. కైలాసకోనలో గుడి ఉంది, అంగళ్లున్నాయి, పొద్దంతా వచ్చిపోయే జనం ఉంటారు. లోపలి మడుగులు అట్లా కాదు. ఉబ్బలమడుగులో చెన్నై నుంచి వచ్చిన కుర్రవాళ్లు ఏళ్ల తరబడి ప్రాణాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఎందుకో తెలియాలంటే ఒక గుండాన్ని దగ్గరి నుంచి చూడాలి. వాగు నీళ్లు రాయిని తొలిచి తొలిచి చేసిన గుంత అది. పైనుంచి చూస్తే చిన్న బావి మూతిలాగే ఉంటుంది. లోపల మాత్రం రాయి వెనక్కి తొలుచుకుపోయి, ఎంత వెడల్పో తెలియదు. అంచు నున్నగా ఉండి, దాని మీద పాచి పట్టి ఉంటుంది. దూకడానికి క్షణం చాలు, పైకి రావడానికి వేలు ఆనించుకునే చీలిక కూడా దొరకదు. అడుగున గులకరాళ్లు కనబడుతున్నాయి కదా, మనిషి లోతే అనుకుంటారు. తేటనీళ్లలో లోతు ఎప్పుడూ ఉన్నదానికన్నా తక్కువగానే కనబడుతుంది. జలపాతం పడేచోట నురుగులో గాలి కలిసి ఉంటుంది కాబట్టి అక్కడ నీళ్లు మనిషిని తేల్చవు. పైగా, మునిగేవాడు సినిమాల్లోలాగా అరవడు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, ఇక కేక ఎక్కడిది? పక్కనే ఫోటోలు తీసుకుంటున్న స్నేహితులు ఆటలాడుతున్నాడనే అనుకుంటారు. ఒకటి రెండు నిమిషాల్లో అంతా అయిపోతుంది.

చెరువుల్లో నీళ్లు తగ్గాయి కదా, వేసవిలో భయమేముందని అడిగేవాళ్లుంటారు. భయం ఆ తగ్గడంలోనే ఉంది. నీళ్లు వెనక్కి పోయినచోట పూడిక మట్టి పైన ఎండి, పెంకుల్లాగా పగుళ్లిచ్చి గట్టిగా కనబడుతుంది. కింద అంతా బురదే. ఒకసారి నీళ్లు తగ్గిన చెరువులో గాలం వేయడానికి నాలుగడుగులు ముందుకు పోయి మోకాలి దాకా దిగబడ్డాను. చెప్పు లోపలే ఉండిపోయింది. కాలు లాగేకొద్దీ రెండో కాలు దిగింది. గట్టున ఒక మనిషి ఉండి, వెదురుకర్ర అందించాడు కాబట్టి బయటపడ్డాను. ఆయన లేకపోయుంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించబుద్ధి కాదు. కుశస్థలి నది ఇసుకలోనూ ఇదే మోసం. ఇసుక తవ్విన గుంతల్లో ఒక్క వానకు నీళ్లు నిండితే మోకాటిలోతుగా కనబడతాయి. ఒక అడుగు ముందుకు వేస్తే తల మునిగే గొయ్యి.

ఇంకో ప్రమాదం పైనుంచి వస్తుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు ఫోటోలు దిగుతున్నారు. ఎగువన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. వాళ్లు నిలబడిన చోట అప్పటిదాకా నీళ్లు పాదాల దగ్గరే ఉన్నాయి. మన కోనల్లో డ్యాములు ఉండకపోవచ్చు. కానీ వేసవిలో సాయంత్రం పూట కొండ మీద గంట వాన పడితే చాలు, కింద ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, సామాను సంగతి మరిచి పైకెక్కాలి.

రాత్రి అడవిలో ఉండాలన్న సరదా ఇంకా పెద్ద తప్పు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం. ఎండాకాలంలో కొండల మీద గడ్డి అగ్గిపుల్లకు కాచుకుని ఉంటుంది. 2014 మార్చిలో శేషాచలం తగలబడితే వాయుసేన హెలికాప్టర్లు తెప్పించాల్సివచ్చింది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగుకు పోయినవాళ్లలో ఇరవైమందికి పైగా కార్చిచ్చుకు బలయ్యారు. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రి ముందు, అన్నమయ్య జిల్లా గుండాలకోన దారిలో రాత్రిపూట నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు చనిపోయారు. ఎర్రచందనం దొంగల కోసం రాత్రుళ్లు గాలింపులు కూడా జరుగుతుంటాయి. ఇవేవీ లేకపోయినా కటిక నేల మీద పడుకున్నవాడికి కట్లపాము భయం ఉండనే ఉంటుంది. దాని కాటుకు నొప్పీ తెలియదు, గాటూ సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పితోనో, కనురెప్పలు వాలిపోతూనో లేస్తాడు. అప్పుడు మంత్రగాడి దగ్గరికి పోకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. విషానికి విరుగుడు అక్కడ ఉంటుంది. నగరి ముక్కు కొండ ఒకప్పుడు సముద్రం మీది నావికులకు కూడా గుర్తు, అంత దూరం కనబడుతుంది. అట్లాంటి కొండల మధ్య కోనలోకి దిగితే మాత్రం ఫోనులో సిగ్నల్ గీత ఒక్కటీ ఉండదు.

మరి ఎక్కడికి పోవాలి? ఊరి పక్కన, చేపలు పట్టేవాళ్లు రోజూ దిగే చెరువుకు పోండి. చేపల హక్కు సొసైటీదో, వేలంపాట పాడుకున్నవాళ్లదో అయివుంటుంది. వాళ్లను అడిగి, వాళ్లు చూపించినచోటే గాలం వేయండి. ఎక్కడ లోతు, ఎక్కడ బురద, తూము దగ్గర నీళ్లు ఎట్లా లాగుతాయి, వాళ్లకు తెలిసినంతగా ఏ ఫోనుకూ తెలియదు. నాలుగు జిలేబి చేపలు ఎక్కడైనా పడతాయి. కరెంటు తీగెల కింద గాలం కర్ర ఎత్తవద్దు, ముఖ్యంగా కార్బను కర్ర. కరెంటు పెట్టి చేపలు పట్టేవాళ్ల పక్కన నిలబడనే వద్దు. ఉరుము వినబడితే చింతచెట్టు కిందికి పరిగెత్తకుండా పక్కా ఇంట్లోకో కారులోకో పోండి. మందు తాగినవాడిని నీళ్లలోకి దిగనివ్వకండి. ఎక్కడికి పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి పోండి. అనుమతితో అడవిలోకి పోతే మాత్రం పొద్దు వాలకముందే కోన నుంచి బయటికి వచ్చేయండి.

ఒకడు మునుగుతుంటే వెనకాలే దూకవద్దు. అట్లా దూకడం వల్లే ఒకరి కోసం ఇద్దరు, ముగ్గురు పోతున్నారు. లుంగీ, చీర, తాడు, కర్ర, ఏది దొరికితే అది విసరండి. ఖాళీ నీళ్ల క్యాను మూత బిగించి వేస్తే దాన్ని పట్టుకుని తేలగలడు. బయటికి తీశాక కడుపు నొక్కవద్దు, తలకిందులు చేసి తిప్పవద్దు. మన ఊళ్లలో ఇప్పటికీ అదే చేసి, విలువైన నిమిషాలు పోగొడుతున్నారు. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరుపెట్టి రెండుసార్లు ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో రెండు చేతులు ఆనించి, నిమిషానికి వందకు తగ్గని వేగంతో ముప్పైసార్లు గట్టిగా నొక్కాలి. మళ్లీ రెండుసార్లు ఊదాలి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. అతను దగ్గి లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లు కొన్ని గంటల తర్వాత మళ్లీ ఊపిరాడనివ్వకుండా చేయగలవు.