రసంగా మారని శోకం



పోరాట నవలలు చదివి కంట తడి పెట్టుకొనేవారిని చూసి కొందరు నవ్వుతారు. "ఏడుస్తారు, పుస్తకం మూస్తారు, కాఫీ తాగి పడుకొంటారు. అంతటితో సంఘానికి తమ బాకీ తీరిందనుకొంటారు" అని వారి ఆక్షేపణ. మనసులోని ఉడుకంతా కన్నీరై కారిపోతే వీధిలోకి రావడానికి ఇక ఏమి మిగులుతుందని కూడా అడుగుతారు. తేలికగా తోసిపుచ్చదగిన మాట కాదిది. అయినా నేను సమ్మతించలేను.

మన ఆలంకారికుల మతం మీకు తెలిసినదే. శోకం స్థాయీభావం, అది విభావాదులచేత పరిపుష్టమై కరుణరసం అవుతుంది. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం వలన ఆ శోకం నాదీ కాక, పరులదీ కాక, సహృదయులందరిదీ అవుతుంది. కనుకనే దుఃఖకథ సైతం ఆనందాన్నిస్తుంది. ఉత్తరరామచరితం చదివినప్పుడల్లా ఇది అక్షరాలా నిజమని నాకు తోస్తుంది. సీతారాముల వియోగానికి మనసు కరుగుతుంది, కరిగి తేలికపడుతుంది. 'మాలపల్లి' చదివితే తేలికపడదు. శోకం రసంగా మారక, శోకంగానే గొంతులో నిలిచిపోతుంది. దీనిని రసభంగమనే పండితులున్నారు. నేను గుణమంటాను.

ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు రాయవేలూరు జైలులో ఉండి వ్రాసిన ఆ నవల 1922లో వెలువడింది. దానికి 'సంగవిజయం' అని మరో పేరు. ఆ సంగదాసు చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణాలు విడుస్తాడు. అప్పటికి ఇంకా ఎంతో కథ మిగిలి ఉంటుంది. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు ఒక కుర్రవాడు లేచి, "నాయకుడు చచ్చిపోయాక ఇంకా అంత పుస్తకమెందుకు మాస్టారూ?" అన్నాడు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లలో విన్న మంచి విమర్శప్రశ్నలలో అదొకటి.

ఎందుకంటే, పోయినవాడి కథ అక్కడితో ముగుస్తుంది. ఉన్నవారి కథ ముగియదు. తండ్రి రామదాసు భక్తుడు, తత్త్వం తెలిసినవాడు. ఒక కొడుకు సంస్కరణ కోరి బలి అయ్యాడు. మరొక కొడుకు వెంకటదాసు శాంతిమార్గం విడిచి కలవారిని కొల్లగొట్టే దారి పట్టాడు. ఈ రెండు దారులూ ముసలివాడు వేసినవి కావు, భారం మాత్రం ఆయనది. నవలలో ఉపన్యాసాలు ఎక్కువే. కొన్ని పుటలు నేనూ గబగబా తిప్పేస్తాను. రామదాసు ఉన్న పుటను మాత్రం అలా తిప్పలేను.

పోరాటకథలో పాఠకుని స్థానం నాయకుని పక్కన కాదు. మనలో అధికులం సంగదాసులం కాము. ఇంటి వద్ద ఉండి, ఏమి జరుగుతున్నదో ఆలస్యంగా తెలుసుకొనేవారము. గొప్ప రచయితలు ఈ సంగతి ఎరిగి అక్కడే మనకు పీట వేస్తారు.

గోర్కీ 'అమ్మ' (1906) చూడండి. సమ్మె చేసేది, జెండా పట్టేది పావెల్. నవల మాత్రం తల్లి నీలొవ్నాది. భర్త చేతి దెబ్బలు తిని తిని మాట మరచిపోయిన మనిషి. నలభై ఏళ్లు వచ్చాక అక్షరాలు దిద్దుతుంది, అదీ కొడుకు ముందు సిగ్గుపడి చాటుగా. ఊరేగింపు ఘట్టం కన్న ఇదే నన్ను ఎక్కువగా కదిలించింది. బడిపంతులును కనుక పక్షపాతమనుకోండి! కొడుకు జైలుకు వెళ్లాక కార్ఖానాలోకి కరపత్రాలు చేరవేసేది కూడా ఆ తల్లే.

మహాశ్వేతాదేవి 'హజార్ చురాశీర్ మా' (1974)లో సుజాతకు ఆ పాటి అవకాశం కూడా లేదు. కలకత్తాలో నక్సలైట్ ఉద్యమ కాలం. కొడుకు వ్రతి శవాగారంలో 1084 అనే సంఖ్యగా మారాక గాని, వాడెవరో ఆమెకు తెలియదు. తండ్రికి పత్రికలో కొడుకు పేరు రాకుండా చూడడమే పని. రెండేళ్ల తరువాత, ఒక్క దినంలో, కొడుకుతో పాటు చనిపోయిన మరో కుర్రవాని తల్లిని, కొడుకు ప్రేమించిన నందినిని కలిసి, ఆమె తన బిడ్డను తెలుసుకొంటుంది. చదువుతున్నవానికి జాలి కన్న ముందు సిగ్గు కలుగుతుంది. మన ఇంట్లో భోజనాల దగ్గర మనం వినని మాటలు ఎన్ని?

కన్నీటితో ఉడుకు చల్లారిపోతుందనేవారికి ఇంకొక మాట. అదే నిజమైతే 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం ఎందుకు నిషేధించింది? 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చిన తరువాత గాని ఆంక్షలు పూర్తిగా తొలగలేదు. జనం హాయిగా ఏడ్చి పడుకొంటారని దొరలు నమ్మి ఉంటే ఆ శ్రమ పడేవారు కారు.

ఆక్షేపకుల మాట వర్తించే రచనలు లేకపోలేదు. చివరి పుటలో ఎర్రని సూర్యుడు ఉదయించి, నాయకుడు పిడికిలి బిగించి, శత్రువు తోక ముడిచే కథలు కుప్పలుగా వచ్చాయి. వాటిలో ఉత్సాహం చక్కగా పండి వీరరసం అవుతుంది. పాఠకుడు గంటసేపు తానే నాయకుడై, తృప్తిగా లేస్తాడు. ఉడుకు చల్లారేది అక్కడ. అనుమానించవలసింది చప్పట్లను గాని కన్నీళ్లను కాదని నా అభిప్రాయం.

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'ని ఈ దృష్టితో మరల చదవాలని అలమారలోనుంచి తీసి పెట్టుకొన్నాను. మీకు అలా గొంతులో నిలిచిపోయిన తల్లి గాని, తండ్రి గాని ఏ నవలలోనైనా ఉంటే పేరు వ్రాయండి. దాని తరువాత అదే చదువుతాను.