కథ బాగుంది సరే, ఆట సంగతేమిటి?

ఏడాది చివర్లో వచ్చే ‘ఉత్తమ వీడియో గేమ్స్’ జాబితాలు ఓ పది వరసగా చదవండి. కథ ఎలా ఉందో రాస్తారు, గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయో రాస్తారు, ఎన్ని గంటలు పడుతుందో రాస్తారు, చివర్లో పదికి ఇన్ని అని మార్కులేస్తారు. ఆడినంతసేపూ ఆ గేమ్ మన చేత ఏం చేయించిందన్నది మాత్రం చాలావాటిలో కనపడదు. సినిమాకి కుట్టిన చొక్కా తెచ్చి గేమ్‌కి తొడుగుతున్నారు.

సాహిత్యం చదివేవాళ్ళ సంగతి ఇంకోరకం. వాళ్ళలో చాలామందికి గేమ్ అంటే పిల్లల కాలక్షేపం, లేదంటే ఆన్‌లైన్ రమ్మీలో లక్షలు పోగొట్టుకున్నవాడి గురించి పేపర్లో వచ్చే వార్త. వాళ్ళకి మన గేమర్లు చెప్పే జవాబేమో, “అలా కాదండీ, ఇందులో కథ అచ్చం నవలలా ఉంటుంది, సినిమాలా ఉంటుంది” అని. నవలలా ఉంటే నవలే చదువుకుంటారు కదా! వేరే కళ పేరు చెప్పుకుని గౌరవం అడుక్కోవడం కన్నా తిరస్కారమే నయం.

నా వాదన ఇది. గేమ్‌కి ప్రాణం అది మన చేత పదే పదే చేయించే పనిలో ఉంటుంది. ఆ పనికి అర్థం పుట్టించగలిగితే మంచి గేమ్. లేకపోతే ఎంత గొప్ప కథ అతికించినా అది ఖరీదైన ముసుగే. 2024లో నాకు బాగా నచ్చిన మూడు ఆటల్నీ ఈ కొలతతోనే ఎంచుకున్నాను.

మొదటిది ‘బలాట్రో’. కథ లేదు, మనుషుల్లేరు. చేతిలో ఎనిమిది పేక ముక్కలు. పోకర్ పద్ధతిలో జతలూ వరసలూ కలిపి, అడిగినన్ని పాయింట్లు తేవాలి. మొదటి మెట్టులో 300 చాలు. తర్వాత ఆ అంకె మామూలు ఆటకి అందనంతగా పెరుగుతుంది. అందుకోవాలంటే జోకర్లు కొనాలి. 150 రకాల జోకర్లున్నాయి, ఒక్కోటి ఒక్కో నియమాన్ని మారుస్తుంది. ఇందులో మనం చేసే అసలు పని వదులుకోవడం. చేతిలో ఉన్న మంచి జతని, లేని గొప్ప వరస కోసం పారేయాలా వద్దా? ఇంతదాకా కాపాడిన జోకర్‌ని ఇప్పుడు అమ్మేయాలా? ఆశకీ లెక్కకీ మధ్య జరిగే ఈ పేచీని ఒక్క వాక్యం రాయకుండా చూపించిందీ ఆట.

పేకాట అనగానే మనకి ఉలికిపాటు సహజం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. కానీ బలాట్రోలో డబ్బు పందెం లేదు, ఒకసారి కొనుక్కుంటే అంతే. అయినా పోకర్ చేతులు ఉన్నాయన్న కారణంతో యూరప్ రేటింగ్ సంస్థ పెగీ 2024లో దీన్ని 18 ఏళ్ళు నిండినవాళ్ళకే అంది. అసలు డబ్బు పెట్టి, లోపల ఎవరున్నారో తెలియని ఆటగాళ్ళ ప్యాకెట్లు కొనే వీలున్న ఫుట్‌బాల్ గేమ్‌కి మాత్రం అప్పుడు 3 ఏళ్ళు చాలంది! బొమ్మ చూసి తీర్పు చెప్పి, చేయించే పనిని వదిలేస్తే ఇలాగే ఉంటుంది.

రెండోది ‘యానిమల్ వెల్’. బిల్లీ బాసో అనే ఒక్క ప్రోగ్రామర్ దాదాపు ఏడేళ్ళు కూర్చుని, సొంత ఇంజిన్ రాసుకుని మరీ చేసిన ఆట. సైజు 40 ఎంబీ కూడా ఉండదు. చీకటి బావి, అందులో జంతువులు, మధ్యలో చిన్న ముద్దలాంటి మనం. మాటల్లేవు, కత్తీ లేదు. దొరికేవన్నీ ఆటవస్తువులే: బుడగలూదే పుల్ల, యోయో, ఫ్రిస్బీ. కుక్కని చూడగానే మన బొటనవేలు కొట్టే బటన్ వెతుకుతుంది. ఈ ఆటలో అలాంటి బటనే లేదు. దాన్ని ఏమార్చాలి, తప్పుకోవాలి, లేదా ఊరికే నిలబడి గమనించాలి. ఇరవయ్యేళ్ళుగా గేమ్‌లు నేర్పిన అలవాటుని ఈ ఆట ఒక్క ముక్క ఉపదేశం లేకుండా మాన్పిస్తుంది.

మూడోది ‘థౌజండ్ టైమ్స్ రెసిస్ట్’. “అయితే కథ వద్దంటావా?” అని అడిగేవాళ్ళకి ఇదే నా సమాధానం. నిండా మాటలే. వాంకూవర్‌లో ‘సన్‌సెట్ విజిటర్’ అనే చిన్న బృందం చేసింది. వెయ్యేళ్ళ తర్వాతి లోకం. ఐరిస్ అనే అమ్మాయి నకళ్ళు ఆమెనే దేవతగా కొలుస్తుంటారు. ఆమె అమ్మానాన్నలేమో 2019 హాంకాంగ్ నిరసనల తర్వాత కెనడా చేరినవాళ్ళు. ఒక నకలుగా మనం ఐరిస్ జ్ఞాపకాల్లో నడుస్తాం. అదే చోటు, బటన్ నొక్కితే కాలం మారుతుంది. ఇవాళ మూసి ఉన్న దారి నిన్నటి రోజులోంచి వెళ్తే తెరిచి ఉంటుంది. జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో చెప్పడం కాదిది, చేయించడం. దేశం వదిలొచ్చిన తల్లిదండ్రులు చెప్పనిదాన్ని పిల్లలు ఎలా మోస్తారన్నది అమెరికా తెలుగు ఇళ్ళకీ కొత్త కాదు. వాళ్ళు ఆడి చూడాల్సిన ఆట.

ఇక నా జాబితాలో లేని ఆట గురించి. ఆగస్టులో వచ్చిన ‘బ్లాక్ మిత్: వూకాంగ్’ మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడైంది. చైనా గుళ్ళనీ విగ్రహాలనీ స్కాన్ చేసి కట్టిన ఆ లోకం అద్భుతం, కాదనను. కానీ ఆటలో ఎక్కువసేపు మన చేతులు చేసే పని రెండు ముక్కలు: తప్పుకో, కొట్టు. అది వచ్చిన దగ్గర్నుంచీ మనవాళ్ళది ఒకటే పాట, “మన భారతంతో ఇలాంటిది ఎప్పుడొస్తుంది?” అని. రాకపోతేనే మంచిది. ఇదే మూసలో పోస్తే అర్జునుడు కూడా పొర్లి లేచి బాణం వేసే బొమ్మ అవుతాడు, అంతే.

భారతంలో ఆటకి పనికొచ్చే ఘట్టాలు యుద్ధంలోనే ఉన్నాయా? సైన్యం కావాలా, ఆయుధం పట్టనన్న కృష్ణుడు కావాలా అని ఎంచుకోవడం ఉంది. అన్నీ ఓడి బయటపడ్డాక రెండోసారి పిలిస్తే మళ్ళీ వెళ్ళి పాచికల ముందు కూర్చున్న ధర్మరాజు ఉన్నాడు. ‘ఇంకొక్క ఆట’ అనుకుంటూ రాత్రి రెండింటిదాకా బలాట్రో ఆడినవాడికి ఆ ధర్మరాజు బాగా తెలుసు. ఆ వెళ్ళడాన్ని మన చేత చేయించే ఆట కావాలి నాకు. దానికి వందల కోట్లూ, గుళ్ళ స్కానింగులూ అక్కర్లేదు.

డబ్బుతోనే అయ్యే పనైతే సోనీ ‘కాంకర్డ్’ ఆగస్టు 23న వచ్చి సెప్టెంబరు 6కల్లా మూతపడేది కాదు. బలాట్రో చేసినతను కెనడాలో ఐటీ ఉద్యోగం చేస్తూ ఖాళీ సమయాల్లో మొదలుపెట్టాడు. ఇప్పటికీ అసలు పేరు బయటపెట్టలేదు, లోకల్‌థంక్ అన్న మారుపేరే. హైదరాబాదులో ఐటీ ఉద్యోగులకి కొదవా? ఖాళీ సమయంలో కవిత్వం రాసేవాళ్ళున్నారు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళున్నారు. ఆట కట్టేవాళ్ళు ఎందుకంత తక్కువంటే, దాన్ని రాయడంతో సమానమైన పనిగా మనం చూడలేదు కాబట్టి. ఆ చూపు రావాలంటే ముందు ఆటల గురించి ఆటలుగా మాట్లాడుకోవాలి. వచ్చే ఏడాది మీ జాబితా మీరు రాసేటప్పుడు కథ నాలుగు లైన్లలో ముగించండి. మిగిలిన చోటంతా మీ చేతులు ఏం చేశాయో, ఎందుకు చేశాయో రాయండి.