ముగ్గురన్నదమ్ములు, ఒక్క పదును

మొన్న కంబదూరులో వాన పడింది. మా ఊళ్లో వాన పడటమే ఒక వార్త. మర్నాడు అరుగుల మీద మరో మాట వినపడదు. అయినా పత్రిక చదువుతున్న మా అయివారు ఉన్నట్టుండి, "భూసేన, నౌకాదళం, విమానదళం... దేశం ఒకటైనప్పుడు సేనలు మూడెందుకు? కలిపేస్తే సరి!" అన్నారు. ప్రశ్న తానే వేసి జవాబూ తానే చెప్పడం ఆయనకు బడినుంచి వచ్చిన అలవాటు.

నాకూ సబబే అనిపించింది. తూర్పు దిక్కు ఒకటే కదా? భూసేన తూర్పు కమాండు కోల్‌కతాలో, విమానదళానిది షిల్లాంగులో, నౌకాదళానిది మన విశాఖపట్నంలో ఉన్నాయి. ఒక గుమ్మానికి ముగ్గురు కాపలాదార్లు, వారి ఇళ్లు మూడు ఊళ్లలో!

పక్కింటి హవల్దారుగారు కార్గిల్ కొండలెక్కి దిగిన మనిషి. ఆయన నవ్వలేదు. 1999 మే మొదట్లో శత్రువు కొండల మీద చేరాడని తెలిసింది. భూసేన హెలికాప్టర్లు పంపమంది. ప్రభుత్వ అనుమతి కావాలనీ, అంత ఎత్తులో ఆ హెలికాప్టర్లు పనికిరావనీ విమానదళం అంది. చివరకు విమానాలు దాడికి దిగింది మే 26న.

"ఎవరి మాటా తప్పు కాదు, అయివారూ. కాని కొండ కింద రాయి చాటున పడుకున్నోనికి ఒక్కో దినం ఎంతో మీకు తెలీదు" అన్నారు హవల్దారు.

"అందుకే కలపమంటున్నాను!" అన్నారు అయివారు.

అక్కడ నేను అడ్డుపడ్డాను. కెనడా ఆ పని చేసి చూసింది. 1968 ఫిబ్రవరి 1న మూడు దళాలనూ ఒక్కటి చేసి, నావికుడికీ వైమానికుడికీ ఒకే ఆకుపచ్చ దుస్తులు తొడిగింది. నౌకాదళంలో పెద్దలే ఎదురుతిరిగారు. 1980లలో వేరువేరు దుస్తులు తిరిగివచ్చాయి. 2011లో పాత పేర్లూ వచ్చాయి. చట్టం ప్రకారం మాత్రం సేన ఒక్కటే.

మన సంగతి చూస్తే, 1971లో సేనలు మూడుగానే ఉండి కరాచీ రేవును కొట్టాయి, డిసెంబరు 16న ఢాకాలో గెలిచాయి. నెలల తరబడి ముందే సిద్ధపడ్డారు. పెద్దలకు పొత్తు కుదిరింది. కాని దేశరక్షణను పెద్దల పొత్తుకే వదిలేస్తామా? అందుకే కార్గిల్ తరువాత 2001లో అండమాన్ నికోబార్ దీవులలో మూడు దళాలకూ ఒకే కమాండు పెట్టారు. మూడింటికీ పెద్దగా జనరల్ బిపిన్ రావత్ 2020 జనవరి 1న బాధ్యత తీసుకున్నారు.

హవల్దారు నా వైపు తిరిగారు. "మేం ముగ్గురన్నదమ్ములం. ఎద్దులు ఒకరివి, గొర్రు ఒకరిది, విత్తనం ఒకరిది. పోయినేడు ఎవరి చేను ముందని మూడు దినాలు పోట్లాడితిమి. పదును ఆరిపాయె. మూడు చేన్లూ బీడే."

ఎవరమూ మాట్లాడలేదు.

"అట్లని గొర్రునూ మడకనూ కలిపి ఒకే పనిముట్టు చేస్తామా? అది దున్నదూ, విత్తదూ. ఇంగొకటి, ఉండేది ఒక్క జత ఎద్దులే. ఒక చేనికే కట్టేస్తే మిగతావి ఏం గావాల?"

విమానదళం వారి బెంగ అదే. ఉన్న కొద్ది విమానాలను ఒక్కో కమాండుకు పంచేస్తే, అవసరమైన చోటికి అన్నీ కలిసి పోలేవేమోనని. తీసిపారేయవలసిన మాట కాదు.

నాకు తోచింది ఇది. విద్యలు మూడుగానే ఉండనివ్వండి. సముద్రం తెలిసినవాడు వేరు, ఆకాశం తెలిసినవాడు వేరు. ఆజ్ఞ మాత్రం ఒక్కరిదై ఉండాలి. ఆ ఒక్కరు ఎవరన్నది శత్రువు రాకముందే తేలాలి.

"మరి ఈ ఏడు ఎవరి చేను ముందు?" అని అడిగారు అయివారు.

"మా పెద్దన్న చెప్పినట్ల. ఏది ముందు ఆరిపోతాదో అది ముందు." హవల్దారు తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నారు. "ఈ పొద్దు మా తమ్మునిది. పోతా, పదును పోతాంది."